మరిది బండి బాగుంది, మాదే ఎందుకిలా?

ప్రశ్న: నేను ఖమ్మంలో ప్రభుత్వ బడిలో టీచర్‌ని. మా వారికి మందుల షాపు ఉంది. అత్తమ్మ, మామయ్య, ఇద్దరు పిల్లలతో కలిపి ఆరుగురం. ఎక్కడికైనా అందరం ఒకే బండిలో వెళ్లాలని అయిదు నెలల కిందట ఏడు సీట్ల డీజిల్ ఎస్‌యూవీ, ఆటోమేటిక్ గేరుది కొన్నాం. ఆన్‌రోడ్ 24 లక్షలయింది. సగం నా పీఎఫ్ డబ్బు, సగం బ్యాంకు లోను. ముందు స్టీలు గార్డు, మంచి లెదర్ సీటు కవర్లు కూడా వేయించాం. రోజూ పిల్లల్ని దించడం, నా బడి, ఆయన షాపు అన్నీ కలిపినా 10 కిలోమీటర్లు దాటదు. ఒకసారి తిరుపతి, రెండుసార్లు హైదరాబాద్ వెళ్లొచ్చాం. మొత్తం 3,400 కిలోమీటర్లు తిరిగింది.

కొన్నప్పటి నుంచీ ఏదో ఒకటి. డీపీఎఫ్ లైటు మూడుసార్లు వెలిగింది. 16 మైలేజీ అన్నారు, 10 కూడా రావట్లేదు. ముందున్న పెద్ద స్క్రీన్ ఉన్నట్టుండి నల్లగా అయిపోతుంది, రివర్స్ కెమెరా కూడా కనపడదు. ఒకసారి వైరా రోడ్డులో ఆటో అడ్డం వస్తే బండి దానంతటదే బ్రేకు వేసింది, వెనకున్న బైకతను గుద్దబోయి ఆగాడు. అత్తమ్మ వెనక సీట్లో కూర్చుంటే వాంతులు. షోరూమ్ వాళ్లను అడిగితే అన్నిటికీ 'అది మామూలే మేడమ్' అంటారు. మా మరిది మిర్యాలగూడలో ఉంటాడు. మాకంటే రెండు నెలల ముందు ఇదే కంపెనీ, ఇదే మోడల్ కొన్నాడు. రైస్ మిల్లు పని మీద వారానికి మూడుసార్లు హైదరాబాద్ వెళ్లొస్తాడు. 15 ఇస్తోంది వదినా, ఒక్క లైటు కూడా వెలగలేదు, ఇంత మంచి బండి లేదంటాడు. మా వారేమో 'నువ్వు పట్టుబట్టావు కాబట్టే కొన్నా' అంటున్నారు. అమ్మేయమంటారా? కన్స్యూమర్ కోర్టుకు వెళ్లమంటారా? – పేరు వద్దు, ఖమ్మం

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి బండి కోసం, రెండోసారి ఇంట్లో మీరు పడుతున్న మాటల కోసం. అందుకే ముందు తేల్చేస్తాను. బండిని ఇప్పుడే అమ్మకండి. కోర్టు మాట కూడా ఇప్పుడే వద్దు. ఆరుగురి కోసం ఆలోచించి, మీ కష్టార్జితం పెట్టి కొన్నారు. అందులో మీరు చేసిన తప్పేమీ లేదు. ఈ జవాబును మీ వారి చేత కూడా చదివించండి.

మీ మరిది అబద్ధం చెప్పడం లేదు. మీరూ చెప్పడం లేదు. ఈ మోడల్ ఉన్నవాళ్లలో సగం మంది మీ మరిదిలా, సగం మంది మీలా మాట్లాడటం నేను చాలాకాలంగా వింటున్నాను. ఒకరి మాట నిజమైతే ఇంకొకరిది అబద్ధం కావాలని లేదు. మీరు రాసిన అయిదు బాధలూ ఒకే మూటలో కట్టి ఉన్నాయి, అందుకే బండి మొత్తం చెడ్డదిగా కనపడుతోంది. ఆ మూట విప్పితే రెండు మీరు తిప్పే తీరు వల్ల వచ్చాయి, ఒకటి నిజంగా మీ బండిలో ఉన్న లోపం, ఒకటి మీరు వేయించిన సామాను వల్ల కావచ్చు, ఒకటి అత్తమ్మను కూర్చోబెట్టిన చోటు వల్ల. దేనికి మందు దానికే వేయాలి.

డీపీఎఫ్ లైటుతో మొదలుపెడతాను. మిమ్మల్ని ఎక్కువ భయపెట్టింది అదే కదా.

నేను విజయవాడ ఆటోనగర్‌లో పనిచేసిన రోజుల్లో డీజిల్ జీపును వీధి చివరి వరకు వేసుకెళ్లినా, విశాఖపట్నం దాకా వేసుకెళ్లినా దానికి ఒకటే. సైలెన్సర్ నల్లగా పొగ ఊదేది, ఆ మసి మన ఊపిరితిత్తుల్లోకి పోయేది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక ఆ మసిని బండిలోనే ఆపాల్సి వచ్చింది. దాన్ని ఆపేదే డీపీఎఫ్. ఇంజిన్ నుంచి వచ్చే గొట్టంలో తేనెపట్టులా సన్నటి గదులున్న పింగాణీ లాంటి దిమ్మ ఉంటుంది. ఒక్కో గదికీ ఒక కొస తెరిచి, రెండో కొస మూసి ఉంటుంది. దాంతో పొగ గోడల్లోంచి వడకట్టుకుని పోతుంది, మసి గోడలకు అంటుకుని ఉండిపోతుంది. ఇంట్లో కాఫీ ఫిల్టర్‌లో డికాక్షన్ కిందికి దిగి పొడి పైన మిగిలినట్టే. కాఫీ పొడిని మనం తీసి పారేస్తాం. ఇక్కడ ఆ మసిని బండే కాల్చుకోవాలి. అది కాలాలంటే ఆ గొట్టంలో వేడి 600 డిగ్రీల దాకా పోవాలి.

మీ మరిది మిర్యాలగూడ నుంచి హైదరాబాద్‌కు 80, 90 వేగంతో ఆగకుండా వెళ్తుంటే మసి కాలే పని మధ్యలో ఆగకుండా పూర్తవుతుంది. మసి ఎప్పుడు కాలిపోయిందో ఆయనకు తెలియను కూడా తెలియదు. మీరు ఇంటి నుంచి పిల్లల బడికి వెళ్తారు, అక్కడ ఆపుతారు. అక్కడి నుంచి మీ బడికి, అక్కడా ఆపుతారు. ఇంజిన్‌కు ఒళ్లు వెచ్చబడకముందే ఆపేస్తున్నారు. మసి రోజూ చేరుతోంది, కాలే అవకాశం మాత్రం రావడం లేదు. చివరికి బండి తనే కాస్త ఎక్కువ డీజిల్ పోసుకుని వేడి పుట్టించి కాల్చడం మొదలుపెడుతుంది. అంతలోనే షాపు వస్తుంది, మీ వారు ఇంజిన్ ఆపేస్తారు. ఇలా నాలుగైదుసార్లు మధ్యలో ఆగిపోయాక బండి మీకు లైటు వేసి చెబుతుంది.

ఆ పని జరుగుతున్నప్పుడు గుర్తులుంటాయి. నిలబడి ఉన్నప్పుడు ఇంజిన్ మోత మామూలు కంటే కాస్త ఎక్కువగా ఉంటుంది. స్క్రీన్ మీద అప్పటికప్పటి మైలేజీ ఒక్కసారిగా పడిపోతుంది. బండి దిగితే ఇనుము కాలిన వాసన వస్తుంది, ఇంజిన్ ఆపినా ముందు ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. వీటిలో ఏది కనిపించినా షాపు ముందు ఆపకండి. ఇంకో పావుగంట, ఇరవై నిమిషాలు తిప్పి రండి.

లైటు పసుపు రంగులో ఉంటే కంగారు అక్కర్లేదు. సూర్యాపేట వైపు నాలుగు వరసల రోడ్డెక్కండి. ట్యాంకులో పావు కంటే ఎక్కువ డీజిల్ ఉండేలా చూసుకోండి, తక్కువుంటే చాలా బండ్లు కాల్చే పని మొదలే పెట్టవు. గేరును మాన్యువల్‌లోకి మార్చి, మామూలుగా వెళ్లే గేరు కంటే ఒకటి తక్కువలో ఉంచి, ఇంజిన్ నిమిషానికి 2,000 చుట్ల పైన తిరిగేలా 60 దాటిన వేగంతో ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు ఆగకుండా వెళ్లండి. లైటు ఆరిపోతుంది. వారం, పది రోజులకోసారి ఇలా చేస్తే అసలు వెలగకపోవచ్చు. అదే లైటు మెరుస్తూ ఉన్నా, ఎర్రగా ఉన్నా, దానితో పాటు ఇంజిన్ గుర్తు కూడా వెలిగినా, బండి లాగడం తగ్గినా హైవేకు తీసుకెళ్లకండి. సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేయండి. వాళ్లు కంప్యూటర్ తగిలించి నిలబెట్టిన చోటే ఆ మసిని కాల్పిస్తారు.

ఇంకోటి ఈ ఆదివారమే చూడండి. మసి కాల్చే పని మధ్యలో ఆగిపోయిన ప్రతిసారీ కాలని డీజిల్ కొంత సిలిండర్ గోడల వెంట కిందికి దిగి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, చదునైన చోట బండి నిలిపి డిప్‌స్టిక్, అంటే ఆయిల్ మట్టం చూసే కడ్డీ తీయండి. గుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీసి చూడండి. ఆయిల్ పై గీత దాటి ఉందా? వేళ్ల మధ్య రుద్దితే నీళ్లలా పలచగా ఉండి డీజిల్ వాసన కొడుతోందా? ఆయిల్ తగ్గితే అందరూ భయపడతారు, పెరిగితే సంతోషిస్తారు. పెరగడం కూడా అంతే ప్రమాదం, ఆయిల్ పలచబడితే ఇంజిన్ లోపల అరుగుతుంది. పై గీత దాటి ఉంటే సర్వీసు కిలోమీటర్లు రాలేదని ఆగకండి, ఇప్పుడే ఆయిల్ మార్పించండి. బండితో ఇచ్చిన మాన్యువల్ పుస్తకంలో రాసిన గ్రేడే పోయించండి. డీపీఎఫ్ ఉన్న బండ్లకు బూడిద తక్కువ వచ్చే ఆయిల్ వేరే ఉంటుంది. మసి కాలిపోతుంది కానీ ఆయిల్ బూడిద కాలదు, ఆ గదుల్లోనే పేరుకుంటుంది.

బయటి మెకానిక్ ఎవరైనా 'ఆ డీపీఎఫ్ తీసేద్దాం, సాఫ్ట్‌వేర్ మార్చేద్దాం, పీడా పోతుంది' అంటే వినకండి. అది చట్టవిరుద్ధం, వారంటీ పోతుంది. అన్నిటికంటే ముఖ్యం, మీ బడి గేటు ముందు నిలబడ్డ పిల్లలు ఆ మసి పీలుస్తారు.

మరి రోజుకు 10 కిలోమీటర్లు తిరిగే ఇంటికి డీజిల్ ఎవరు అంటగట్టారు? ఇక్కడ నాకు నిజంగా కోపం వచ్చింది. షోరూమ్‌లో మీకు సన్‌రూఫ్ చూపించారు, సీట్లకు గాలి వచ్చేది చూపించారు. 'రోజుకు ఎంత తిరుగుతారు మేడమ్' అన్న ఒక్క ప్రశ్న అడిగి ఉంటే మీరీ ఉత్తరం రాసేవారు కాదు. అది అమ్మేవాళ్లు అడగాల్సిన ప్రశ్న, దాన్ని మీ మీద వేసుకోకండి. పెట్రోల్ కొనుంటే సుఖపడేవాళ్లమని కూడా బాధపడకండి. ఇంత బరువున్న పెట్రోల్ బండి ఊళ్లో తిరిగితే మైలేజీ ఇంతకంటే తక్కువే వస్తుంది. పెట్రోల్ బండ్ల వాళ్ల బెంగ వాళ్లకుంది. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే పోస్తున్నారు. ఇథనాల్‌లో పెట్రోల్‌కున్న శక్తిలో మూడింట రెండు వంతులే ఉంటుంది కాబట్టి మైలేజీ కొంత తగ్గడం ఖాయం. మీ వాడకానికి హైబ్రిడ్ సరిగ్గా సరిపోయేది. కానీ ఇప్పుడు బండి మార్చితే పోయే డబ్బు ముందు, పదిరోజులకోసారి సూర్యాపేట వెళ్లొచ్చే డీజిల్ ఖర్చు ఎంతమ్మా!

ఆ లెక్క కూడా చెబుతాను. మీ బండికి వచ్చే నెలతో ఆరు నెలలు నిండుతాయి. ఆరు నెలలు దాటి ఏడాది లోపున్న బండికి బీమా లెక్కలోనే 15 శాతం విలువ తీసేస్తారు. బజారులో అంతకంటే ఎక్కువ కోస్తారు. పైగా మీరు లక్షల్లో కట్టిన లైఫ్ ట్యాక్స్ కొనేవాడు తిరిగి ఇవ్వడు.

మైలేజీ. ఆ 16 అన్న అంకె మోసం కాదు, కానీ అది ఖమ్మం అంకె కాదు. ల్యాబ్‌లో బండిని రోలర్ల మీద నిలబెట్టి, ఏసీ ఆపి, ముందే రాసిపెట్టిన వేగాల ప్రకారం దాదాపు 20 నిమిషాలు నడిపి తీసిన లెక్క అది. అందులో వేగం 90 దాటదు, గుంతలుండవు, స్టేషన్ రోడ్డులో ఆటోలు అడ్డం రావు, మే నెల ఎండ ఉండదు. రెండు బండ్లను ఒకదానితో ఒకటి పోల్చుకోవడానికి ఆ అంకె పనికొస్తుంది, నెల ఖర్చు వేసుకోవడానికి పనికిరాదు.

స్క్రీన్ మీది సగటును కూడా నమ్మకండి. మీరు టీచరు కాబట్టి ఈ పని మీకు సులువు. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, పంపు దానంతటదే ఆగేదాకా పోయించి ట్రిప్ మీటర్ సున్నా చేయండి. ట్యాంకు పావుకు వచ్చాక అదే పంపు దగ్గర మళ్లీ అలాగే పోయించండి. ఉదాహరణకు 612 కిలోమీటర్లు తిరిగాక 51.3 లీటర్లు పట్టిందనుకోండి, 612ను 51.3తో భాగిస్తే 11.9. మూడు ట్యాంకులు ఇలా రాస్తే అది మీ అసలు మైలేజీ. పది కిలోమీటర్లు ముక్కలు ముక్కలుగా ఊళ్లో తిరిగే బరువైన డీజిల్ ఆటోమేటిక్‌కు పది దరిదాపుల్లో రావడం వింతేం కాదు. మసి కాల్చడానికి పోసుకునే డీజిల్ కూడా అందులోదే. అదే బండి తిరుపతి వెళ్లినప్పుడు ఎంతిచ్చిందో మీరు రాయలేదు. అప్పుడు 14 దాకా వచ్చి ఉంటే ఇంజిన్ ఆరోగ్యంగా ఉన్నట్టే. హైవే మీద కూడా 11 దాటలేదంటే మాత్రం అది సర్వీస్ సెంటర్ వాళ్లు జవాబు చెప్పాల్సిన విషయం.

ఇక స్క్రీన్. ఈ ఒక్క విషయంలో 'అది మామూలే మేడమ్' అన్నవాళ్లతో నేను అస్సలు ఒప్పుకోను. రివర్స్ కెమెరా కనపడకపోవడం మామూలు కాదు. వెనక్కి తీసేటప్పుడు చిన్నపిల్లలు కనపడని ఎత్తులో ఉంటుంది ఈ బండి. ఇది మీ బండిలో ఉన్న లోపం, వాళ్ల ఖర్చుతో వాళ్లు సరిచేయాలి. ఆ పని జరగాలంటే నోటిమాటతో కాదు, కాగితంతో వెళ్లాలి.

దీన్ని నా అనుభవం మీద చెబుతున్నాను. కొన్నేళ్ల కిందట నా సొంత కారుకు కొత్తలోనే, స్టీరింగ్ తిప్పితే కింద టక్ టక్‌మని చప్పుడు వచ్చేది. మూడుసార్లు సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లాను. ప్రతిసారీ జాబ్ కార్డు మీద 'జనరల్ చెకప్' అని రాసి, కడిగి, పంపించారు. బండ్ల మధ్యే బతికినవాణ్ని, నేనే ఆ కాగితం చదవకుండా సంతకం పెట్టాను. నాలుగోసారి సూపర్‌వైజర్‌ను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని స్పీడ్ బ్రేకర్ మీద స్టీరింగ్ పూర్తిగా తిప్పి చూపించాను. చప్పుడు ఆయన చెవిన పడింది. ఫిర్యాదు నా మాటల్లోనే రాయించాను. ఆ వారంలోనే స్టీరింగ్ రాడ్డు మార్చారు. కానీ వారంటీ కాగితాల్లో మొదటి మూడుసార్లు నేను ఆ ఫిర్యాదు చేసినట్టు ఎక్కడా లేదు.

అందుకని స్క్రీన్ నల్లబడగానే ముందు బండి పక్కకు ఆపి ఫోన్‌తో వీడియో తీయండి. స్పీడో మీటర్‌లో కిలోమీటర్లు కూడా పడేలా తీయండి. తేదీ, టైము, ఎండలో నిలిపిన బండా, ఫోన్ కేబుల్ తగిలించి ఉందా అన్నవి రాసుకోండి. కొన్నిసార్లు నాసిరకం కేబుల్ వల్ల కూడా స్క్రీన్ ఆగిపోతుంది, కాబట్టి వారం రోజులు కేబుల్ లేకుండా చూడండి. ఖమ్మం ఎండలో మధ్యాహ్నం దాకా నిలిపాకే ఇలా అవుతుంటే ఆ మాట మెకానిక్‌కు సగం పని తగ్గిస్తుంది. జాబ్ కార్డులో 'స్క్రీన్ ప్రాబ్లమ్' అని రాయనివ్వకండి. 'ఫలానా తేదీ మధ్యాహ్నం 3.40కి, 3,280 కిలోమీటర్ల దగ్గర, రివర్స్ గేరులో ఉండగా స్క్రీన్ నల్లబడింది. కెమెరా కనపడలేదు. పది నిమిషాల తర్వాత దానంతటదే వచ్చింది. వీడియో చూపించాను' అని మీరు చెప్పింది చెప్పినట్టు రాయించి, కాపీ తీసుకుని సంతకం పెట్టండి. బండి తిరిగి ఇచ్చేటప్పుడు ఏం చేశారో కూడా రాసివ్వమనండి. సాఫ్ట్‌వేర్ మార్చారా, ఏ వెర్షన్ నుంచి ఏ వెర్షన్‌కు మార్చారు, ఏ భాగం మార్చారు అన్నీ. అదే రోజు రాత్రి ఆ కాగితం ఫోటోతో కంపెనీ కస్టమర్ కేర్‌కు ఒక మెయిల్ పంపండి. షోరూమ్ వేరు, కంపెనీ వేరు. షోరూమ్‌లో మూలకు పడేసిన మాట కంపెనీ దగ్గర రికార్డులోకి ఎక్కుతుంది.

ఇక్కడే మీ మరిది సాయం తీసుకోండి. ఆయన బండి సెట్టింగ్స్‌లో సాఫ్ట్‌వేర్ వెర్షన్ ఏముందో ఫోటో పంపమనండి, మీదానితో పోల్చండి. రెండు బండ్లూ ఏ నెలలో తయారయ్యాయో కూడా చూడండి. పేరు ఒకటే అయినా తయారైన నెలను బట్టి లోపలి సాఫ్ట్‌వేర్, ఒక్కోసారి భాగాలు కూడా మారుతుంటాయి. చాసిస్ నంబరు 17 అక్షరాలుంటుంది. దాన్ని కంపెనీ వెబ్‌సైట్‌లో వేస్తే రీకాల్ ఉందో లేదో తెలుస్తుంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో ప్రమాదకరమైన లోపమున్న బండ్లను వెనక్కి పిలిపించే అధికారం కేంద్రానికి ఇచ్చారు.

బ్రేకు సంగతికి వచ్చేముందు ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆ స్టీలు గార్డు ముందు తీయించేయండి. 2017 డిసెంబర్‌లోనే కేంద్ర రవాణా శాఖ బండ్లకు గార్డులు పెట్టకూడదని రాష్ట్రాలకు రాసింది. బండి దేనికైనా గుద్దుకున్నప్పుడు ముందు భాగం నలగాలి. అలా నలుగుతూ దెబ్బను తను తినాలి. గార్డు ఆ దెబ్బను నేరుగా ఛాసిస్‌కు, లోపలున్న మీకు చేరుస్తుంది. ఎయిర్‌బ్యాగ్ ఎప్పుడు తెరుచుకోవాలో చెప్పే సెన్సర్ల లెక్క కూడా తప్పుతుంది. ఎదురుగా వచ్చే మనిషికి తగిలితే అతని సంగతి చెప్పనే అక్కర్లేదు. చాలా బండ్లలో ముందున్న వాటిని చూసి బండి చేత బ్రేకు వేయించే రాడార్ ముందు గ్రిల్ దగ్గరో బంపర్ దగ్గరో ఉంటుంది. దాని ఎదురుగా ఇనుప కడ్డీ నిలబెడితే అది లేనిది ఉన్నట్టు చూడొచ్చు, ఉన్నదాన్ని చూడకపోవచ్చు. మీ బండి వైరా రోడ్డులో వేసిన బ్రేకు ఆటోను చూసి సరిగ్గా వేసిందో, గార్డు వల్ల తొందరపడి వేసిందో గార్డు తీస్తేగానీ తేలదు. మీ మరిది బండికి గార్డు ఉందేమో అడగండి. లేదని నా అనుమానం.

గార్డు తీశాక కూడా ఊళ్లో అలాగే చేస్తుంటే సెట్టింగ్స్‌లో హెచ్చరిక దూరం తగ్గించుకునే వీలు ఉంటుంది. ముందు బండిని అనుసరించి వెళ్లే క్రూయిజ్‌ను మాత్రం ఊళ్లో వాడొద్దు.

సీటు కవర్లు కూడా. మీ ముందు సీట్ల పక్క భాగంలో 'ఎయిర్‌బ్యాగ్' అని చిన్న చీటీ కుట్టి ఉందేమో చూడండి. ఉంటే పక్క ఎయిర్‌బ్యాగ్ ఆ కుట్టు చీల్చుకుని బయటికి రావాలి. దాని మీద మందపాటి లెదర్ బిగించి కుట్టేస్తే ప్రమాద సమయంలో ఆ క్షణం కాస్తా వృథా అవుతుంది. ఆ భాగం తెరిచి ఉంచిన కవర్లు దొరుకుతాయి, అవే వేయించుకోండి. 24 లక్షల్లో మీరు కొన్న భద్రతను వేల రూపాయలు పెట్టి కప్పేసుకోవద్దు.

అత్తమ్మ గారి విషయం అన్నిటికంటే తేలిక, అందరూ చివరికి వదిలేసేదీ అదే. మూడో వరస వెనక చక్రాల మీద, ఒక్కోసారి దానికీ వెనకగా ఉంటుంది. గుంత పడితే అక్కడ ఎగిరినంత ముందు ఎగరదు. సీటు కిందికి ఉండి మోకాళ్లు పైకి వస్తాయి, కిటికీ చిన్నది, బయటి రోడ్డు కనపడదు. కడుపులో తిప్పడానికి ఇంకేం కావాలి? పెద్దవాళ్లిద్దరినీ మధ్య వరసలో కిటికీల పక్కన కూర్చోబెట్టండి, పిల్లల్ని వెనక్కి పంపండి. పిల్లల్లో ఎవరికైనా చైల్డ్ సీటు అవసరమైతే దాన్ని బిగించే కొక్కేలు ఏ వరసలో ఉన్నాయో చూసుకుని ఆ బిడ్డను అక్కడే కూర్చోబెట్టండి. అత్తమ్మ ఎక్కడానికి పక్కన మెట్టు వేయించండి. మెట్టు మీద డబ్బు పెడితే నేను కాదనను.

డ్రైవర్ తలుపు తీస్తే పక్క స్తంభం మీద టైర్ల గాలి చీటీ ఉంటుంది. ఇద్దరు వెళ్లేటప్పుడు ఒక అంకె, నిండా మనుషులు, సామానుతో వెళ్లేటప్పుడు ఇంకో అంకె రాసి ఉంటాయి. పొద్దున్నే టైర్లు చల్లగా ఉన్నప్పుడు ఆ ప్రకారం పట్టించండి. బంకులో కుర్రాడు తన అలవాటు కొద్దీ అన్ని టైర్లకూ 40 కొడతాడు. ఖాళీ బండి ఆ గాలితో మరీ ఎగిరెగిరి పడుతుంది.

కోర్టు గురించి అడిగారు కాబట్టి చెబుతాను. మన దేశంలో అమెరికాలో ఉన్నట్టు లెమన్ చట్టం లేదు. అక్కడున్న మన బంధువులు 'మూడుసార్లు రిపేరుకు పోతే బండి వాపసు ఇచ్చేయొచ్చు' అని చెబుతుంటారు, అది మనకు వర్తించదు. మనకున్నది 2019 వినియోగదారుల రక్షణ చట్టం. 50 లక్షల లోపు చెల్లించి కొన్న వస్తువుకు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు. షోరూమ్ ఎక్కడున్నా మీరు ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు. సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్ల గడువు ఉంది. కాబట్టి తొందర లేదు, కాగితాలు మాత్రం ఈరోజు నుంచే పోగు చేయాలి. అంతకుముందు 1915కు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ వాళ్లు కంపెనీకి మీ ఫిర్యాదు పంపుతారు. చాలా గొడవలు అక్కడే తీరతాయి. కేసుకు వెళ్తే మీ దగ్గరున్న బలమైన అంశం స్క్రీన్, కెమెరా. మైలేజీ మీద, డీపీఎఫ్ లైటు మీద వేస్తే 'వాడే తీరు' అని ఒక్క మాటతో కొట్టేయిస్తారు.

ఇంతా చెప్పాక కూడా లోపం బండిదా, మీ రోడ్డుదా అన్న అనుమానం మీ వారికి ఉండే ఉంటుంది. దానికి ఒక ఉపాయం ఉంది. మీ మరిదిని అడిగి పది రోజులు బండ్లు మార్చుకోండి. ఇద్దరి బీమా, పొల్యూషన్ కాగితాలు సరిగ్గా ఉన్నాయో చూసుకోండి, రెండు బండ్లలోనూ ఒకే బంకులో నిండా పోయించి ట్రిప్ మీటర్లు సున్నా చేయండి. గార్డు తీయించాకే మీ బండి ఆయనకివ్వండి. ఆయన మీ బండిలో హైదరాబాద్ వెళ్లొస్తారు, మీరు ఆయన బండిలో బడికి వెళ్తారు. మీ బండి హైవే మీద 14, 15 ఇచ్చి, ఒక్క లైటూ వెలగకపోతే, ఆయన బండి మీ వీధుల్లో 10కి పడిపోతే ఇంజిన్ మీద అనుమానం తీరిపోతుంది. స్క్రీన్ మీ మరిది చేతిలో కూడా నల్లబడితే వీడియో ఆయనే తీస్తారు, మీ జాబ్ కార్డుకు ఇంకో సాక్ష్యం దొరుకుతుంది. బండి చేతులు మారేటప్పుడు రెండింటి డిప్‌స్టిక్‌లూ తీసి పక్కపక్కన పెట్టి, మీ వారినే చూడమనండి. ఆ పది రోజుల అంకెలు కాగితం మీద రాసి నాకు పంపండి, మీ బండితో తర్వాత ఏం చేయాలో అప్పుడు చెబుతాను.